పక్క మనిషి

సరుకు జారితే పట్టుకోవద్దు, పక్కకి తప్పుకో.

ఇరవై ఆరేళ్ళుగా సరుకుల గోదాములో ఈ ఒక్క మాటే అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది. కొత్తగా చేరినవాళ్ళు జలుబు చేసిందేమో అనుకుని వేడినీళ్ళు తాగమని సలహా ఇస్తారు. పాతవాళ్ళు మాత్రం ఆమెకి జాగ్రత్తమ్మ అని పేరు పెట్టేశారు. మొదట్లో చాటున అనేవాళ్ళు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు, ఇప్పుడు లారీ డ్రైవర్లు ఫోన్లో ఆమె నంబరు కూడా ఆ పేరుతోనే దాచుకుంటున్నారు. ఆమెకి ఒళ్ళు మండుతుంది. కానీ ఎంతమందితోనని పోట్లాడుతుంది?

ఆ మాట వెనక ఒక చెయ్యి ఉంది. ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, పని నేర్పిన పాత మేస్త్రి లారీలోంచి జారుతున్న మోటారు పెట్టెని ఆపబోయాడు. రెండు క్వింటాళ్ళ పెట్టె. మనిషి చెయ్యి అడ్డం పెడితే ఆగుతుందా? ఆగలేదు. మేస్త్రి కుడిచెయ్యి మళ్ళీ పనికి రాలేదు. లోపలి మోటారుకి గీత కూడా పడలేదని సరుకు తాలూకు మనుషులు తెగ సంతోషపడ్డారు. పక్కనే నిలబడి అంతా చూసిన ఈమెకి ఆ సంతోషం ఇప్పటికీ మింగుడుపడలేదు.

లోడింగ్ సూపర్‌వైజరు అయిన రోజునే ఆమె డ్రమ్ము పరీక్ష పెట్టింది. కొత్త మనిషికి తప్పుకోవడం ఎలాగో ముందు చేసి చూపించి, ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి ఊరూ పేరూ అడుగుతూ, మాటల మధ్యలో, పెట్టెల దొంతర మీదున్న ఖాళీ నీలం డ్రమ్ముని ఒక్క తోపు తోస్తుంది. ఆ మనిషి చేతులు ముందుకి చాపాడా, లోడింగ్ పని లేదు. హద్దుగా వేసిన పసుపు గీత అవతల చీటీల బల్ల దగ్గర కూర్చుని రెండు వారాలు పెట్టెలకి చీటీలు అతికించాలి, తర్వాత మళ్ళీ పరీక్ష. రెండు చేతులూ భుజాల దాకా ఎత్తి, అరచేతులు బయటికి తిప్పి, అడుగు వెనక్కి వేసి పక్కకి గెంతితేనే ప్లాట్‌ఫారం మీదికి రానిస్తుంది. చేతులు ఎందుకు ఎత్తాలంటే, ఎత్తకపోతే వాటంతటవే ముందుకి పోతాయి. మనిషి చేతులకి ఆశ ఎక్కువ.

ఈ పరీక్ష మొదలయ్యాక ఆ గోదాములో ఎవరి చెయ్యీ నలగలేదు. దాని గురించి ఎవరూ ఒక్క మంచిమాట అనలేదు, అది వేరే సంగతి.

గోదాములో ఆమె మాటకి తిరుగులేదు. ఇంట్లో మాత్రం ఆమె మాట వినేవాళ్ళు లేరు. భర్త బస్టాండులో టైంకీపరు. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో కళ్ళు మూసుకుని చెప్పగలడు, కానీ భార్యకీ చెల్లెలికీ మధ్య ఎప్పుడు నోరు విప్పాలో మాత్రం పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారీ కనిపెట్టలేకపోయాడు. ఆ చెల్లెలు పైగదిలో ఉంటుంది. పెళ్ళి వద్దనుకుంది, వీధి చివర కళ్ళద్దాల షాపు పెట్టుకుంది, వయసు నలభై మూడు. వదిన కాపురానికి వచ్చినప్పుడు ఆమెకి పందొమ్మిది. అప్పుడు మొదలైన గొడవ పెద్దదీ కాదు, ఆగిందీ లేదు.

ముఖ్యంగా మెట్లు. పైగదికి పోయే మెట్ల రెయిలింగు మీద ఆడపడుచు తడిబట్టలు ఆరేస్తుంది. నీళ్ళు మెట్ల మీద కారతాయి. పైన డాబా మీద మూడు తీగలున్నాయి, ఎండ ఉంది, గాలి ఉంది. అయినా రెయిలింగే కావాలి. వదిన అరుస్తుంది. ఆడపడుచు వంటింటి గుమ్మంలో నిలబడి, వదిన కూరగాయలు పెద్దపెద్దగా తరుగుతుందని, తలుపులు దబదబా వేస్తుందని, అన్నయ్య చిక్కిపోయాడని, అన్నీ చెప్పేసి, చివర్లో చల్లగా అంటుంది, "నేనేం అన్లేదు వదినా."

ఈ ఆడపడుచే ఆమెని పార్కుకి లాక్కెళ్ళింది. జాగ్రత్తమ్మకి నడుంనొప్పి, డాక్టరు వంగి లేచే వ్యాయామం ఏదైనా చెయ్యమన్నాడు. అంతే, ఆడపడుచు పట్టుకుంది.

"ఆదివారం పొద్దున మా గుంపుతో రా వదినా. ముందు యోగా. తర్వాత చెట్టుకీ చెట్టుకీ మధ్య పట్టీ కట్టి దానిమీద నడుస్తాం. తర్వాత ఒకళ్ళ మీద ఒకళ్ళు ఎక్కి విన్యాసాలు."

"ఒకళ్ళ మీద ఒకళ్ళా? ఈ వయసులో?"

"వయసు కాదు వదినా, నమ్మకం ఉండాలి."

"వారంలో ఒక్క ఆదివారం దొరుకుతుంది నాకు. అది కూడా నీ నమ్మకానికి రాసిచ్చెయ్యాలా?"

రాసిచ్చింది. ఎందుకంటే మూడు వారాలు రోజూ భోజనం దగ్గర ఇదే పాట పాడితే ఎవరికైనా తల ప్రాణం తోకకి వస్తుంది.

పార్కులో ఎనిమిదిమంది ఉన్నారు. నేర్పేది ఒక పళ్ళ డాక్టరమ్మ. వారమంతా జనం చేత నోళ్ళు తెరిపించే మనిషి, ఆదివారం మాత్రం అందరినీ నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి పీల్చమంటుంది. మొదటి అరగంట ఆసనాలు. ఆ తర్వాత మోకాలెత్తులో కట్టిన వెడల్పాటి పట్టీ మీద నడక. ఒంటికాలి మీద నిలబడి వృక్షాసనం వేస్తారు, పట్టీ గజగజలాడుతుంది, వీళ్ళు నవ్వుతారు. చివర్లో జంట విన్యాసాలు. ఒకరు చాప మీద వెల్లకిలా పడుకుని కాళ్ళు పైకెత్తుతారు, ఇంకొకరు ఆ పాదాల మీద పొట్ట ఆనించి గాలిలో పక్షిలా చేతులు చాపుతారు. కింద మనిషి, పై మనిషి. మూడో మనిషి పక్కన చేతులు సిద్ధంగా పెట్టుకుని నిలబడాలి, పైవాళ్ళు తూలితే పట్టుకోవడానికి. ఆ మనిషిని పక్క మనిషి అంటారు.

మొదటిరోజే జాగ్రత్తమ్మ చూపు వీళ్ళ ఆసనాల మీద పడలేదు, పట్టీ మీద పడింది.

"ఇది మా లారీల బెల్టే కదండీ! సరుకు బిగించేది. దీన్ని ఇలాగేనా కట్టేది? బెల్టు మెలిపడింది. బిగించే పిడి కిందికి తిరిగుంది. చెట్టుకి గోనెసంచి ఐనా చుట్టలేదు, బెరడంతా ఊడిపోతోంది. ఎవరు కట్టారిది?"

కట్టింది లెక్కల మాస్టారు. భారీ మనిషి, పెద్ద పాదాలు, గుంపులో అందరికీ ఆయనే కింద మనిషి. ఆయన పిడి కోణం గురించి, బలాల సమతుల్యం గురించి వివరించబోయాడు. జాగ్రత్తమ్మ వినలేదు. బెల్టు విప్పేసి, మెలిక తీసి, రెండు గోనెసంచులు మడిచి చెట్లకి చుట్టి, మళ్ళీ కట్టి, దానిమీద తనే ఎక్కి నాలుగుసార్లు గెంతి చూసింది. ఆ ఆదివారం నుంచి పట్టీ పని ఆమెదే అయిపోయింది. ఆమె వచ్చేదాకా ఎవరూ చెట్టు ముట్టుకోరు. ఇదో బరువని ఇంట్లో రుసరుసలాడేది కానీ శనివారం సాయంత్రమే సంచులు మడిచి గుమ్మం దగ్గర పెట్టుకునేది. ఆ సంగతి ఆడపడుచు చూసింది, చూసి ఊరుకోకుండా నవ్వింది కూడా.

విన్యాసాల్లో మాత్రం ఆమెకి చోటు కుదరలేదు. కింద పడుకోవడానికి నడుం ఒప్పుకోదు, పైకెక్కడానికి మనసు ఒప్పుకోదు. అందుకని పక్క మనిషిని చేశారు. పది వారాలు నిలబడింది. ఆ పది వారాల్లో నిజంగా పడినవాళ్ళు లేరు. తూలితే నెమ్మదిగా కాళ్ళు కిందపెట్టి దిగిపోయేవాళ్ళు. ఎవరి చేతులు ఎలాంటివో తెలియాల్సిన అవసరమే రాలేదు.

పదకొండో ఆదివారం పొద్దున్నే మెట్ల మీద నీళ్ళు. జాగ్రత్తమ్మ సంచులు పట్టుకుని ఆడపడుచుని పిలవడానికి మెట్లెక్కుతుంటే కాలు సర్రుమంది, రెయిలింగు దొరికింది కాబట్టి సరిపోయింది. ఇల్లెగిరిపోయేలా అరిచింది.

"ఏదో ఒకరోజు నువ్వే పడతావు! నువ్వు పడితేగానీ తెలిసిరాదు నీకు!"

భర్త విన్నాడు. ఎదురింటివాళ్ళు విన్నారు. ఆడపడుచు విని, బట్టలు ఒక్కొక్కటే తీసి, ఇంకా నీళ్ళు కారేలా పిండి, మళ్ళీ అక్కడే ఆరేసి, చెప్పులేసుకుంది.

ఆరోజు పార్కులో మూడూ కలిపి ఒకే విన్యాసం. పళ్ళ డాక్టరమ్మ పట్టీ మీద వృక్షాసనంలో నిలబడింది. పట్టీ పక్కనే మాస్టారు చాప మీద పడుకుని కాళ్ళెత్తాడు, ఆయన పాదాల మీద ఆడపడుచు పక్షిలా లేచింది. పట్టీ మీది మనిషీ గాలిలోని మనిషీ చేయీ చేయీ పట్టుకోవాలి, ఎవరి వణుకు వాళ్ళు ఆపుకుంటే రెండో మనిషీ నిలుస్తుంది. అదే ఆ ఆట మొత్తం. పట్టుకున్నారు. రెండు ఊపిర్లసేపు నిలిచారు. అంతలో డాక్టరమ్మ కాలు వణికింది, చెయ్యి లాగింది, ఆడపడుచు మాస్టారి పాదాల మీద నుంచి పక్కకి దొర్లింది. సరిగ్గా వదిన నిలబడ్డ పక్కకి.

జాగ్రత్తమ్మ రెండు చేతులూ భుజాల దాకా ఎత్తింది. అరచేతులు బయటికి తిప్పింది. అడుగు వెనక్కి వేసి పక్కకి గెంతింది. ఇరవై ఆరేళ్ళలో ఏ కూలీ కూడా అంత చక్కగా గెంతలేదు.

ఆడపడుచు నేల మీద పడింది. కుడిచేతి మణికట్టు టక్కుమన్న చప్పుడు అందరికీ వినబడింది. అందరూ జాగ్రత్తమ్మ చేతుల వైపే చూశారు. అవి ఇంకా పైనే ఉన్నాయి.

ఎముక విరిగింది. ఆరు వారాల కట్టు. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఆమె డ్రమ్ము సంగతి, మేస్త్రి చెయ్యి సంగతి, చేతులెత్తే అలవాటు సంగతి అంతా చెప్పింది. గొంతు ఇంకా బొంగురుపోయింది. ఆడపడుచు అంతా విని, "అలాగే వదినా," అంది.

ఆ 'అలాగే' ఎలాంటిదో ఆ ఇంట్లో బతికినవాళ్ళకే తెలుస్తుంది. దానికన్నా తిట్టినా బాగుండేది.

అసలు చిరాకు అక్కడే మొదలైంది. ఎవరూ ఏమీ అనరు! అంటే కదా జవాబు చెప్పేది? భర్త ఇంటికొచ్చి చెల్లెలి కట్టు చూశాడు, భార్య మొహం చూశాడు, బస్సుల సంగతి మాట్లాడాడు. డాక్టరమ్మ ఫోన్ చేసి తప్పంతా తనదేనంది, మీరేం మనసులో పెట్టుకోకండి అంది. పెట్టుకోవద్దంటే ఏదో ఉన్నట్టే కదా. మాస్టారు మరీ మంచి మనిషి, వదినగారి తప్పేమీ లేదని ఎవరూ అడక్కుండానే నలుగురికీ చెప్పుకొచ్చాడు. ఎదురింటావిడ అయితే కళ్ళలోకి చూడ్డమే మానేసింది. జాగ్రత్తమ్మ గిన్నెలు ఎత్తి పడేసింది, గోదాములో డ్రైవర్ల మీద ఎగిరింది. రాత్రి పడుకుంటే మళ్ళీ అదే. చేతులు లేచాయి సరే. లేచేముందు మనసులో ఏముంది? పొద్దున మెట్ల దగ్గర నోటితో అన్నదేనా? ఎంత తవ్వుకున్నా ఆమెకి తేలలేదు. ఈ లోకంలో తనని నమ్మాల్సిన మనిషి ఒక్కతే, ఆ మనిషి పైగదిలో 'అలాగే' అని పడుకుంది.

ఇంతలో షాపు. కళ్ళద్దాల మరలు బియ్యపుగింజలో సగం ఉంటాయి, వాటిని ఎడంచేత్తో బిగించడం ఎవరి వల్లా కాదు. కట్టు పడ్డ చెయ్యి ఆడపడుచుది కాబట్టి, బిగించే చెయ్యి వదినది కావలసివచ్చింది. ఎవరూ అడగలేదు, తనే వెళ్ళి కూర్చుంది. గోదాము నుంచి నేరుగా షాపుకి. లారీ బెల్టులు బిగించిన ఆ వేళ్ళతో సూదిలాంటి పనిముట్టు పట్టుకోవాలి, మరని ఊపిరి బిగబట్టి జాగ్రత్తగా ఎత్తాలి, ఎత్తగానే అది ఎగిరి బల్ల కిందికి పోతుంది. ఇద్దరూ మోకాళ్ళ మీద వంగి టార్చి వేసి వెతకాలి.

"అంత బలం పెట్టకు వదినా. అది లారీ కాదు, ముక్కు మీద పెట్టుకునేది."

"తెలుసు."

"తెలిస్తే అద్దం ఎందుకు పగుల్తుంది?"

"పగల్లేదుగా ఇంకా?"

"నేనేం అన్లేదు."

మూడో వారం ఒక సాయంత్రం, జాగ్రత్తమ్మ తన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి కళ్ళు నులుముకుంటోంది. కొత్తవి. ఫ్రేము ఎంచుకోవడానికి నెల పట్టింది, షాపులో ఉన్నవన్నీ రెండేసిసార్లు పెట్టి చూసి, పెట్టినప్పుడల్లా ఏదో వంక పెట్టి, చివరికి ఇష్టపడ్డ ఒకే ఒక్కటి. గోదాములో కూలీలు కూడా బాగున్నాయన్నారు. ఆ కళ్ళద్దాలని ఆడపడుచు, కట్టు ఉన్న చేత్తో, మెల్లగా బల్ల అంచు నుంచి తోసేసింది.

జాగ్రత్తమ్మ రెండు చేతులూ భుజాల దాకా లేచాయి. కుర్చీ వెనక్కి జరిగింది. కళ్ళద్దాలు నేల మీద పడి కుడి అద్దం రెండు ముక్కలైంది.

ఇద్దరూ కిందికి చూశారు. తర్వాత ఆడపడుచు వదిన చేతుల వైపు చూసింది.

"నీవేగా అవి?"

"పిచ్చెక్కిందా నీకు? నావే!"

"నీవే. నెలరోజులు నా ప్రాణం తీసి కొనుక్కున్నవి. ఐనా పట్టుకోలేదు."

అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది ఆడపడుచు. కట్టు కదిలి నొప్పెడుతుంటే అయ్యో అంటూనే నవ్వింది, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది. "నువ్వు దేన్నీ పట్టుకోవన్నమాట వదినా! ఒక్క నన్నే కాదన్నమాట!"

మూడు వారాలుగా ఛాతీ మీద కూర్చున్న బరువు దిగాలి కదా? దిగలేదు. జాగ్రత్తమ్మ పనిముట్టు పక్కన పెట్టింది.

"నువ్వు నమ్మావు, సరే. నేనే నమ్మలేకపోతున్నా," అంది. "ఆ పొద్దున మెట్ల దగ్గర అన్న మాట ఉత్తినే అన్లేదు. నువ్వు పడాలనే అనుకున్నా, ఆ నిమిషం. ఆ తర్వాత నా చేతులు ఎందుకు లేచాయో నాకు తెలీదు. అలవాటే అనుకుంటున్నా. కానీ నిజంగా తెలీదు."

ఆడపడుచు చాలాసేపు ఫ్రేములు సర్దింది, సర్దాల్సినవి కాకపోయినా.

"ఆ నీళ్ళు నేనూ కావాలనే వదిలేస్తా," అంది చివరికి.

"నేను జారిపడాలనా?"

"కాదు. నువ్వు అరుస్తావని. పొద్దున లేచింది మొదలు ఆ ఇంట్లో నాతో మాట్లాడేది నువ్వొక్కదానివే."

ఇరవై నాలుగేళ్ళుగా మెట్లు తుడిచి తుడిచి నడుం విరగ్గొట్టుకున్నది ఇందుకోసమా? జాగ్రత్తమ్మకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపం అలవాటు కాబట్టి అదే ముందు బయటికి వచ్చింది.

"మాట్లాడాలనుంటే మాట్లాడు! బట్టలెందుకు పిండుతావు నా నెత్తిన!"

"ఇక నుంచి డాబా మీద ఆరేస్తాలే. కానీ ఒక షరతు. కట్టు విప్పాక మళ్ళీ పార్కుకి వెళ్తాను. నా పక్కన నువ్వే నిలబడాలి."

"నా చేతులు నా మాట వినవు. ఇప్పుడే చూశావుగా."

"వినేలా చేద్దాం."

ఆ రోజు నుంచి ఇంట్లో మనశ్శాంతి కరువైంది. వదిన ఎక్కడ కనబడితే అక్కడ ఆడపడుచు ఎడంచేత్తో ఏదో ఒకటి పడేస్తుంది. చెప్పా పెట్టకుండా! మెట్ల మీద నుంచి దిండు. వంటింట్లో ప్లాస్టిక్ గిన్నె. గుమ్మం దాటబోతుంటే దుప్పటి మూట. జాగ్రత్తమ్మ చేతులెత్తి గెంతుతుంది, తిడుతుంది, మళ్ళీ గెంతుతుంది. ఒకసారి గెంతి భర్త కాలు తొక్కింది. ఇంకోసారి ఆమె తప్పుకున్న దిండు వెళ్ళి ఆయన టీ కప్పులో పడింది. ఆయన చొక్కా తుడుచుకుంటూ ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి వాళ్ళిద్దరి మధ్యా నోరు విప్పాడు.

"ఇంతకుముందులాగే పోట్లాడుకోకూడదూ?"

అయిదో వారంలో డాబా మీద నుంచి తడిబట్టల మూట వచ్చింది. అది నేల మీద పడలేదు. జాగ్రత్తమ్మ కిందికి చూసుకుంటే మూట తన చేతుల్లో ఉంది, తను నిలువునా తడిసి ముద్దయింది. పైనుంచి ఆడపడుచు ఈల వేసింది. గోదాముకి టైమైపోయిందని వదిన ఆమెని అక్కణ్ణుంచే కడిగిపారేసింది, చీర మార్చుకుంటూ ఇంకో విడత తిట్టింది.

కట్టు విప్పి, డాక్టరు సరేనన్నాక, ఇంకో రెండు నెలలు ఆగి పార్కుకి వెళ్ళారు. గుంపులో అందరూ అతిమర్యాదగా పలకరించారు. జాగ్రత్తమ్మ బెల్టు విప్పి చూసింది, తను లేని వారాల్లో మళ్ళీ మెలికపెట్టి కట్టారు, చెట్టుకి సంచుల్లేవు. మాస్టారిని నిలబెట్టి కడిగేస్తే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు అందరూ మామూలు మనుషులయ్యారు.

మాస్టారు కాళ్ళెత్తాడు. డాక్టరమ్మ పక్క మనిషిగా తను నిలబడతానంది.

"వద్దండీ," అంది ఆడపడుచు. "మా వదిన ఉంది."

గాలిలోకి లేచింది, చేతులు చాపింది. ఏ వణుకూ లేదు, మాస్టారి పాదాలు రాయిలా ఉన్నాయి. ఆ పక్షి ఎంతసేపైనా అలాగే నిలిచేది. కానీ ఆడపడుచు వదిన వైపు ఒక్కసారి చూసి, తనంతట తనే పక్కకి దొర్లింది.

ఎప్పుడు ముందుకి పోయాయో చేతులకే తెలియాలి. ఒకటి వీపు కింద, ఒకటి మెడ కింద. బరువుకి జాగ్రత్తమ్మ గడ్డి మీద కూలబడింది, ఒళ్ళో ఆడపడుచు. నడుం కలుక్కుమంది.

"కావాలనే పడ్డావు కదూ? చెప్పు! నీకు బుద్ధుందా? మళ్ళీ విరిగితే? నా చేతులు రాకపోతే?"

"నేనేం అన్లేదు వదినా," అంది ఆడపడుచు, లేవకుండానే.

కథ ఇక్కడ ఆగితే జాగ్రత్తమ్మకి ఏ గొడవా ఉండేది కాదు. కానీ మర్నాడు సోమవారం.

గోదాములోకి కొత్త మనిషి వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, ఇదివరకు ఇటుకబట్టీలో చేశాడట. ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి మాటల్లో పెట్టి, ఎప్పటిలాగే మధ్యలో దొంతర మీది నీలం డ్రమ్ముని తోసింది. అతను చేతులెత్తి చక్కగా పక్కకి తప్పుకున్నాడు. డ్రమ్ము మాత్రం నేల మీద పడలేదు.

జాగ్రత్తమ్మ దాన్ని పొట్టకి అదుముకుని నిలబడి ఉంది.

ప్లాట్‌ఫారం మీద పదకొండుమంది ఉన్నారు. వాళ్ళలో తొమ్మిదిమంది ఈ డ్రమ్ము పుణ్యమా అని చీటీలు అతికించి వచ్చినవాళ్ళే. ఒక్కరూ నవ్వలేదు. ఆమె డ్రమ్ముని నెమ్మదిగా కిందపెట్టింది. అది ఖాళీది. వచ్చే లారీలో మోటారు పెట్టెలున్నాయి. చేతులకి ఏది పెట్టో ఏది ఆడపడుచో తెలీదు, తెలుసుకునేంత వ్యవధి వాటికి ఎవరూ ఇవ్వరు.

అందరిలో పెద్ద కూలీ దగ్గరికొచ్చాడు. "ఖాళీది కదమ్మా, మీరు ఎలాగూ..."

"రూలు రూలే," అంది. పసుపు గీత దాటి, చీటీల బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇవాళ్టి లోడింగ్ నువ్వు చూడు. ఆ జిగురు ఇటివ్వు."

సాయంత్రం షాపుకెళ్ళి జరిగింది చెప్పింది. వేళ్ళకి ఇంకా జిగురుంది. తిట్టాలనే వెళ్ళింది, తిట్టింది కూడా. ఇరవై ఆరేళ్ళ పని, తన చేతులతో తను కట్టుకున్న రూలు, మూడు నెలల్లో దిండ్లు విసిరి నాశనం చేశావంది. ఆడపడుచు మొహం తెల్లబోయింది. ఈసారి 'నేనేం అన్లేదు' అనలేదు.

"మరి రెండు వారాలయ్యాక మళ్ళీ పరీక్ష ఉంటుందిగా," అంది మెల్లగా. "తప్పుకోవడం మళ్ళీ నేర్చుకో. కావాలంటే నేనే దిండ్లు విసురుతా. పార్కులో నా పక్కన డాక్టరమ్మ నిలబడుతుందిలే."

జాగ్రత్తమ్మ వేళ్ళ మీది జిగురు గోటితో గీక్కుంది.

"ఏం అక్కర్లేదు," అంది. "చీటీలు వంకరగా అతికిస్తున్నారు అక్కడ. ఒక్కటీ తిన్నగా లేదు. ఎవరో ఒకళ్ళు కూర్చుని చూడాలి."

రెండు వారాలు దాటినా ఆమె పరీక్షకి నిలబడలేదు. ఇప్పుడు లోడింగ్ పెద్ద కూలీ చూస్తున్నాడు, డ్రమ్ము కూడా అతనే తోస్తున్నాడు. పసుపు గీత ఇవతల నుంచి జాగ్రత్తమ్మ అరుపులు మాత్రం తగ్గలేదు. సరుకు జారితే పట్టుకోవద్దని, పక్కకి తప్పుకోమని, జిగురు చేతులు ఊపుతూ రోజూ అరుస్తూనే ఉంది.